కనెమారా తీరంలో గుర్రపు స్వారీ సెలవు: ప్లాన్ నుంచి ప్రయాణం దాకా

ఐర్లాండ్ పడమటి అంచున, గాల్వే కౌంటీలో కనెమారా ఉంది. ఒకవైపు అట్లాంటిక్ సముద్రం, ఇంకోవైపు ట్వెల్వ్ బెన్స్ కొండలు, మధ్యలో తడి పీట్ నేలలు (కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన మెత్తటి నేలలు), చిన్న చిన్న చెరువులు, రాతి గోడల నడుమ సన్నటి దారులు. ఈ నేల మీదే పుట్టి పెరిగిన కనెమారా పోనీలు, అంటే పొట్టి జాతి గుర్రాలు, రాళ్లలోనూ బురదలోనూ ఎక్కడ అడుగు వేయాలో మనకంటే బాగా ఎరుగుతాయి. అలాంటి పోనీ మీద కూర్చుని ఇసుక తీరం వెంట వెళ్లడానికే ప్రపంచం నలుమూలల నుంచి జనం ఇక్కడికి వస్తారు.

చాలామంది విమానం టికెట్లతో మొదలుపెట్టి, హోటల్ బుక్ చేసుకుని, చివర్లో స్వారీ సంగతి చూస్తారు. నన్నడిగితే ఈ వరుస తిరగేయాలి. ముందు మీకు స్వారీ ఎంత వచ్చో తేల్చుకోవాలి, తర్వాత ఆటుపోట్ల పట్టిక చూడాలి, టికెట్లు ఆ తర్వాతే. అక్కడ మీ రోజు ఎన్నింటికి మొదలవుతుందో, ఏ తీరానికి వెళ్తారో నిర్ణయించేది సముద్రమే.

1. మీకు స్వారీ ఎంత వచ్చో నిజం చెప్పుకోండి

బుకింగ్ ఫారంలో బిగినర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు గడులు ఉంటాయి. ఎప్పుడో హిల్ స్టేషన్‌లో ఎవరో పగ్గాలు పట్టుకుని నడిపిస్తే గుర్రం ఎక్కినవాళ్లు బిగినర్లే. అందులో చిన్నతనం ఏమీ లేదు. బిగినర్లను తీసుకెళ్లే స్టేబుళ్లు (గుర్రాలను ఉంచి స్వారీకి తీసుకెళ్లే చోట్లు) కనెమారాలో ఉన్నాయి. గంట, రెండు గంటల పాటు నెమ్మదిగా నడిచే బీచ్ రైడ్‌లు వాళ్ల కోసమే.

ఇంటర్మీడియట్ అని టిక్ పెట్టే ముందు ఈ పనులు మీకు వచ్చా అని చూసుకోండి: పది నిమిషాలు ఆగకుండా ట్రాట్‌లో (నడక కంటే వేగంగా, ఎగిరెగిరి సాగే నడత) లయ తప్పకుండా లేచి కూర్చోవడం, గోడలూ కంచెలూ లేని బయలులో క్యాంటర్ (అంతకంటే వేగమైన, అదుపులో ఉండే పరుగు) చేయడం, పక్క గుర్రం పరుగు తీస్తున్నా మీ గుర్రాన్ని ఆపగలగడం. మూడోదే అసలు పరీక్ష. రైడింగ్ స్కూల్ ఆవరణలో బుద్ధిగా తిరిగే గుర్రం కూడా కిలోమీటరు పొడవున్న ఖాళీ ఇసుక కనిపిస్తే హుషారెక్కుతుంది. అక్కడ పగ్గాలు లాగితే సరిపోదు. నడుము స్థిరంగా ఉంచి కూర్చోవడం వచ్చి ఉండాలి.

పూర్తిగా కొత్తవాళ్లయితే ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు నుంచి వారానికి ఒకటి రెండు పాఠాలు తీసుకోండి. ట్రాట్ అలవాటైతే చాలు, సెలవు రూపమే మారిపోతుంది. పాఠాలతో పాటు తొడలకు, నడుముకు చిన్నపాటి వ్యాయామం కూడా చేయండి. రోజూ నాలుగైదు గంటలు జీను మీద కూర్చుంటే మూడో రోజున బాధపడేవి ఆ కండరాలే.

బరువు, ఎత్తు అడిగినప్పుడు ఉన్నదున్నట్టు రాయండి. గుర్రం మోసే బరువు, జీనుతో కలిపి, దాని ఒంటి బరువులో ఐదో వంతు మించకూడదన్నది చాలాచోట్ల పాటించే లెక్క. నాలుగు వందల కిలోల పోనీకి అది ఎనభై కిలోలు. జీనుకే ఏడెనిమిది కిలోలు పోతాయి. కనెమారా పోనీ ఎత్తు 128 నుంచి 148 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది, అంటే పెద్ద గుర్రం కాదు. మీరు కాస్త భారీ మనిషైతే అందుకు తగ్గ పెద్ద గుర్రం ఉందా అని ముందే అడగండి. అక్కడికి వెళ్లాక కాటా మీద తేలే సంగతిని ఈమెయిల్‌లో దాచి లాభం లేదు, పైగా ఆ భారం పడేది నోరులేని జీవి నడుం మీద.

2. ఏ రకం సెలవు కావాలో ఎంచుకోండి

మూడు రకాలున్నాయి. ఒకే స్టేబుల్ దగ్గర బస చేసి రోజుకో దిక్కుకు స్వారీకి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం ఒకటి. రోజుకో ఊరు దాటుతూ, రాత్రికి వేరే బసలో దిగుతూ వెళ్లే ట్రెయిల్ రెండోది. ఇందులో సామాను వ్యానులో వెళ్తుంది, మీరు గుర్రం మీద వెళ్తారు. కనెమారాలోని క్లిఫ్డెన్ లాంటి ఊళ్లో గది తీసుకుని, మామూలు టూరిస్టుల్లా తిరుగుతూ, మధ్యలో ఒకటి రెండు బీచ్ రైడ్‌లు పెట్టుకోవడం మూడోది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను మొదటి రకమే చెబుతాను. ఒంట్లో బాగా లేకపోతే ఒక రోజు మానేయొచ్చు, వాన పడితే రైడ్ అటూ ఇటూ జరపొచ్చు, అదే పోనీతో వారమంతా గడిపితే చనువు పెరుగుతుంది. ట్రెయిల్‌లో ఈ వెసులుబాటు ఉండదు. మూడో రోజుకు తొడలు ఒరుసుకుపోయినా నాలుగో రోజు జీను ఎక్కక తప్పదు.

3. తేదీలు: ముందు నెల, తర్వాత చంద్రుడు

మే నుంచి సెప్టెంబర్ దాకా సీజన్. మే, జూన్ నెలల్లో వాన కాస్త తక్కువ. జూన్ చివర్లో రాత్రి పది దాటాక గానీ పొద్దు గుంకదు, కాబట్టి సాయంత్రం రైడ్‌లు కూడా దొరుకుతాయి. జూలై, ఆగస్టుల్లో జనం ఎక్కువ. గాలి లేని సాయంత్రాల్లో మిడ్జ్‌లనే కుట్టే చిన్న పురుగులు విసిగిస్తాయి. అయితే పోనీల మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లకు ఆగస్టే మంచిది. కనెమారా పోనీ జాతిని కాపాడటానికి 1923లో ఏర్పడిన బ్రీడర్స్ సొసైటీ ఏటా ఆ నెలలోనే క్లిఫ్డెన్‌లో షో జరుపుతుంది. తల్లి గుర్రాలు, పిల్లలు, మగ గుర్రాలు అన్నీ ఒకేచోట చూడొచ్చు.

నెల తేలాక ఆటుపోట్ల పట్టిక తీయండి. ఈ పనికి ఒక గంట కేటాయించినా దండగ కాదు.

నీళ్లు పైకి వచ్చే వేళ పోటు, వెనక్కి వెళ్లి ఇసుక బయటపడే వేళ ఆటు. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే నిన్నటి కంటే ఇవాళ ఆటు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. సోమవారం పదింటికి ఆటు ఉంటే శుక్రవారానికి అది మధ్యాహ్నం దాటిపోతుంది. స్టేబుల్ వాళ్లు రైడ్ వేళలు రోజుకోరకంగా ఇస్తారంటే కారణం ఇదే.

పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల రోజుల్లో పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా కిందికి పోతుంది. గాల్వే వైపు ఆ రోజుల్లో రెండింటి మధ్య తేడా నాలుగున్నర మీటర్ల దాకా ఉంటుంది. అంతకంటే పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఈ తీరంలో పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆటు పట్టపగలు, మధ్యాహ్నం ప్రాంతాల్లో పడుతుంది. చంద్రుడు సగం కనిపించే రోజుల్లో అది ఉదయానికీ సాయంత్రానికీ జరుగుతుంది, నీళ్లు వెనక్కి వెళ్లేది కూడా తక్కువే. అంటే తీరిగ్గా టిఫిన్ చేసి, పట్టపగలు వెడల్పాటి ఇసుక మీద స్వారీ చేయాలంటే మీ వారం మధ్యలో పౌర్ణమో అమావాస్యో పడేలా చూసుకోవాలి.

నీళ్లు ఎంత వేగంగా తిరిగి వస్తాయో కూడా తెలిసి ఉండాలి. ఆటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటల్లో నీళ్లు ఒకే తీరుగా పెరగవు. మొత్తం పెరుగుదలను పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు వస్తాయి. తర్వాత మళ్లీ తగ్గుతుంది. ఇది నావికుల లెక్క, ఉజ్జాయింపుగా బాగానే పనిచేస్తుంది. దీని ప్రకారం మధ్యలోని రెండు గంటల్లోనే సగం నీళ్లు వచ్చేస్తాయి. ఇసుక చదునుగా ఉన్నచోట ఆ నీళ్లు ముందుకు పరుచుకుంటూ వస్తుంటే చూడగానే వేగం తెలుస్తుంది.

క్లాడడఫ్ అనే పల్లె దగ్గరి ఓమీ దీవికి వెళ్లాలంటే ఈ లెక్క మరీ ముఖ్యం. ఆటు వేళ ఇసుక మీదుగా ఆ దీవికి నడిచి వెళ్లొచ్చు, గుర్రం మీదా వెళ్లొచ్చు. దారి చూపే స్తంభాలు కూడా ఉంటాయి. పోటు వచ్చిందంటే మధ్యలో సముద్రమే. గుర్రం ఈదగలదు కదా అని ధీమా పడకండి. ఓమీ రైడ్‌కు గైడ్‌తోనే వెళ్లాలి, గైడ్ తిరుగుదాం అన్న నిమిషంలోనే తిరగాలి.

4. స్టేబుల్‌ను ఎంచుకునే ముందు అడగాల్సినవి

అసోసియేషన్ ఆఫ్ ఐరిష్ రైడింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ అనే సంస్థ రైడింగ్ సెంటర్లను తనిఖీ చేసి ఆమోదం ఇస్తుంది. ఆ ఆమోదం ఉందా అని చూడటంతో మొదలుపెట్టండి. తర్వాత ఈ ప్రశ్నలు పంపండి:

- ఒక గైడ్ వెంట ఎంతమంది ఉంటారు? కొత్తవాళ్లనూ అనుభవం ఉన్నవాళ్లనూ ఒకే గుంపులో కలుపుతారా?
- నేను వచ్చే తేదీల్లో ఏ రోజు ఏ తీరానికి వెళ్తారు, ఎన్నింటికి?
- తుఫాను గాలి వస్తే రైడ్ జరుపుతారా, డబ్బు వెనక్కి ఇస్తారా?
- హెల్మెట్, బూట్లు మీరే ఇస్తారా?
- క్లిఫ్డెన్ నుంచి పికప్ ఉందా?

రెండో ప్రశ్నకు జవాబు ఎలా వస్తుందో గమనించండి. పట్టిక చూసి "మంగళవారం ఆటు పన్నెండున్నరకు, ఆ రోజు పెద్ద తీరానికి వెళ్దాం" అని రాసేవాళ్లను నమ్మొచ్చు. "ఎప్పుడైనా రండి, బీచ్ ఎక్కడికీ పోదు" అనే చోట నేనైతే బుక్ చేయను. మిశ్రమ గుంపుల విషయంలోనూ అంతే. అలాంటి గుంపులో కొత్తవాళ్లకు భయం, పాతవాళ్లకు విసుగు.

5. వీసా, ఇన్సూరెన్స్, దారి

ఐర్లాండ్ షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాలు) లేదు. షెంగెన్ వీసా ఉన్నా భారత పాస్‌పోర్ట్ వాళ్లకు విడిగా ఐర్లాండ్ వీసా కావాలి. స్టేబుల్ ఇచ్చిన బుకింగ్ కాగితాన్ని దరఖాస్తుతో జత చేయండి, ఎందుకు వెళ్తున్నారో దానితో స్పష్టమవుతుంది.

ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. గుర్రపు స్వారీని సాహస క్రీడల్లో కలిపి పక్కనపెట్టే పాలసీలు చాలా ఉంటాయి. కవర్ అవుతుందని ఫోన్‌లో చెబితే సరిపోదు, రాతపూర్వకంగా తీసుకోండి.

డబ్లిన్ నుంచి గాల్వేకు రైలులో రెండున్నర గంటలు. గాల్వే నుంచి క్లిఫ్డెన్ సుమారు ఎనభై కిలోమీటర్లు, దానికి బస్సో కారో. ఆ దారిలో నడిచిన రైలు 1935లోనే ఆగిపోయింది. కారు తీసుకుంటే ఐర్లాండ్‌లో కూడా ఎడమ వైపే నడపాలి కాబట్టి మనకు కొత్తగా ఏమీ ఉండదు. దారి మాత్రం ఇరుకు, గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. దక్షిణ కనెమారాలో చాలా బోర్డులు ఐరిష్ భాషలోనే ఉంటాయి. క్లిఫ్డెన్‌ను అన్ క్లోహాన్ అంటారు, ఊళ్ల పేర్లు రెండు భాషల్లోనూ రాసి పెట్టుకోండి.

6. సర్దుకోవాల్సినవి

హెల్మెట్ చాలాచోట్ల స్టేబుల్ వాళ్లే ఇస్తారు. సొంతది తీసుకెళ్తే లోపల వీజీ1, పాస్ 015, ఏఎస్‌టీఎమ్ ఎఫ్1163 వంటి ప్రమాణాల ముద్ర ఉండాలి. సైకిల్ హెల్మెట్ దీనికి పనికిరాదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి బాగానే కనిపించినా వాడొద్దు.

బూటుకు రెండు సెంటీమీటర్ల మడమ, నున్నటి అడుగు ఉండాలి. మడమ లేకపోతే పాదం రికాబులోంచి (జీనుకు వేలాడే, పాదం పెట్టే లోహపు వలయం) ముందుకు జారి ఇరుక్కుపోతుంది. పడినప్పుడు ఇరుక్కున్న పాదమే అసలు ప్రమాదం. లావు అట్టల స్పోర్ట్స్ షూ కూడా అలాగే ఇరుక్కుంటాయి. ప్యాంటు లోపలి వైపు మందపాటి కుట్టు లేకుండా చూసుకోండి. జీన్స్ వేసుకుని రెండు గంటలు ట్రాట్ చేస్తే ఎందుకు చెబుతున్నానో తెలిసిపోతుంది.

రెయిన్‌కోటు తప్పనిసరి, కానీ ఒంటికి అంటుకుని ఉండాలి. గాలికి రెపరెపలాడే పాంచోను చూస్తే గుర్రం బెదురుతుంది. గుర్రం మీద ఉండగా కోటు వేసుకోవడం, విప్పడం చేయొద్దు. ఆగి, గైడ్‌కు చెప్పి, దిగాక చేయండి. సన్నటి గ్లవ్స్, రెండు పొరల స్వెటర్లు, కళ్లజోడుకు వెనక పట్టీ, జుట్టుకు బ్యాండ్. ఉంగరాలు, గాజులు గదిలోనే వదిలేయండి. ఫోన్ జిప్ ఉన్న జేబులో పెట్టండి, వీపున బ్యాగ్ వద్దు.

7. మొదటి రోజు, గుర్రం దగ్గర

పోనీని పరిచయం చేసుకోవడానికి ఐదు నిమిషాలు తీసుకోండి. గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది గానీ సరిగ్గా ముక్కు ఎదుట, సరిగ్గా తోక వెనక కనిపించదు. అందుకే భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్లాలి. అరచెయ్యి వెనుక భాగాన్ని వాసన చూడనిచ్చి, మెడ మీద నిమరండి. దాని పేరు, దానికి నచ్చనివి గైడ్‌ను అడగండి. ఒకదానికి వెనక గుర్రం దగ్గరికి వస్తే పడదు, ఇంకొకదానికి నీటి గుంటలంటే బెదురు. ఇవి ముందే తెలిస్తే దారిలో సగం టెన్షన్ తగ్గుతుంది.

ఎక్కే ముందు పొట్ట పట్టీ చూసుకోండి. చాలా గుర్రాలు పట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బించి, నాలుగడుగులు వేశాక వదిలేస్తాయి. అప్పుడు పట్టీ వదులై జీను పక్కకు ఒరుగుతుంది. ఎక్కిన పది నిమిషాలకు గైడ్ అందరినీ ఆపి మళ్లీ బిగిస్తారు, ఆపకపోతే మీరే అడగండి. రికాబు పొడవుకు సులువైన కొలత ఉంది. వేళ్ల కొసలు రికాబు వేలాడే తోలు పట్టీ మొదట్లో ఆనించి, చెయ్యి చాచి, రికాబును చంక దగ్గరికి లాగండి. చంకకు తగిలితే ఇంచుమించు సరైన పొడవు.

నేల మీంచి ఎగిరి ఎక్కడం మీకు వచ్చినా మెట్టు ఉంటే మెట్టే వాడండి. అలా ఎక్కితే గుర్రం వీపు ఒకవైపుకు లాగినట్టు కాదు. జీను మీద దబ్బున కూలబడకుండా మెల్లగా కూర్చోండి.

8. ఇసుక మీద, నీళ్లలో

తీరానికి చేరగానే పరుగు తీయాలనిపిస్తుంది. ఆగండి. మొదట ఆ తీరం పొడవునా వాక్‌లో, అంటే మామూలు నడకలో, వెళ్లి నేల చూడాలి. పిల్లలు తవ్విన గుంటలు, పాచి పట్టిన రాళ్లు, వాగు కలిసే చోట మెత్తటి ఇసుక, అన్నీ అప్పుడే కనపడతాయి. నీళ్లు అప్పుడే వెనక్కి వెళ్లిన తడి ఇసుక గట్టిగా ఉన్నా కాస్త మెత్తదనంతో కాళ్లకు హాయిగా ఉంటుంది. పైనున్న పొడి ఇసుకలో డెక్క లోతుకు దిగిపోతుంది, అక్కడ పరుగెత్తిస్తే గుర్రం కాళ్ల స్నాయువులు (టెండన్లు) దెబ్బతింటాయి. పొడి ఇసుకలో ఎప్పుడూ నడకే.

రౌండ్‌స్టోన్ అనే ఊరి దగ్గర డాగ్స్ బే తీరం ఇసుక తెల్లగా మెరుస్తుంది. ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలు, శంఖాల పొడి కలిసి ఆ తెలుపు వచ్చింది. ఏ బీచ్‌లో ఎప్పుడు గుర్రాలను అనుమతిస్తారో గైడ్‌కు తెలుస్తుంది, మీ అంతట మీరు నిర్ణయించుకోవద్దు.

క్యాంటర్ మొదలుపెట్టేటప్పుడు గైడ్‌ను దాటొద్దు. ముందు గుర్రానికి కనీసం ఒక గుర్రం పొడవు ఎడం ఉంచండి. ఇంటి వైపు తిరిగాక పరుగు వద్దు. ఇంటిదారి పట్టిన గుర్రం తనంతట తానే వేగం పెంచుతుంది, దాన్ని ఇంకా తరమాల్సిన పని లేదు. అదుపు తప్పుతోందనిపిస్తే రెండు పగ్గాలూ పట్టుకుని వేలాడకండి. వెనక్కి నిటారుగా కూర్చుని, ఒక పగ్గాన్ని మెల్లగా లాగి వదులుతూ పెద్ద వలయంగా తిప్పండి. చోటు ఉందో లేదో చూసుకుని తిప్పాలి. వలయం చిన్నదవుతున్న కొద్దీ వేగం తగ్గుతుంది.

ఇక సముద్రం. అలల నురుగు గీత దగ్గర పోనీ చటుక్కున ఆగుతుంది. మెడ పైకెత్తి, చెవులు ముందుకు నిక్కించి, ముక్కుపుటాలు పెద్దవి చేసి బుస్సుమంటుంది. గీత తన మీదికి కదిలి వస్తోంది, అందుకే దాని అనుమానం. కాలితో పొడవకండి. గైడ్ గుర్రం పక్కనే నిలబెట్టి, నాలుగైదు అలలు వచ్చిపోయేదాకా చూడనివ్వండి. కాసేపటికి తల దించి నీళ్లను వాసన చూస్తుంది. అప్పుడు మడమలతో మెల్లగా అడిగితే అడుగు వేస్తుంది. చెవులు పక్కలకు వాలి, ఊపిరి వదిలిందంటే ధైర్యం వచ్చినట్టే.

నీళ్లలో ఉన్నప్పుడు మీ చూపు దూరపు కొండల మీదో ఒడ్డు మీదో ఉండాలి. కాళ్ల కింద వెనక్కి జారే నీళ్లను చూస్తే గుర్రమే పక్కకు కొట్టుకుపోతున్నట్టు భ్రమ కలుగుతుంది, కళ్లు తిరుగుతాయి. తెలియకుండానే ఒంటిని ఒకవైపు వంచేస్తారు, గుర్రం కూడా అటే నడుస్తుంది. గుర్రం మోకాళ్లు మునిగే లోతు చాలు. అది ముందు కాలితో నీళ్లను అదేపనిగా చిమ్ముతోందంటే అందులో పొర్లడానికి సిద్ధమవుతోందని అర్థం. వెంటనే తల పైకెత్తించి ముందుకు నడిపించండి, ఆలస్యమైతే మీరూ జీనూ కలిసి తడుస్తారు. ఉప్పు నీళ్లు తాగనివ్వొద్దు.

9. పీట్ నేలల్లో, రోడ్డు మీద

లోపలి వైపు రైడ్‌లలో పీట్ నేల వస్తుంది. పైన గడ్డి పచ్చగా ఉన్నా కింద గుర్రం పొట్ట దాకా దిగిపోయేంత మెత్తదనం ఉండొచ్చు. ముందు గుర్రం డెక్కల అచ్చుల్లోనే నడవండి, పక్కదారి వద్దు. పగ్గాలు కాస్త వదులు చేస్తే పోనీ తలవంచి నేలను తానే చూసుకుంటుంది. గేట్లు తీసి ఉంటే తీసే ఉంచాలి, మూసి ఉంటే దాటాక మూయాలి. గొర్రెల కాపరులకు ఇది చాలా పట్టింపు. రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు, ఎడమ వైపు, మెరిసే జాకెట్లతో వెళ్లాలి. కారు నెమ్మదిస్తే చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పండి.

ఏదైనా ప్రమాదం జరిగితే 112 లేదా 999. సముద్రంలో అయితే కోస్ట్ గార్డ్ అని అడగాలి. కొండల మధ్య ఫోన్ సిగ్నల్ పోతుంటుంది, గైడ్ దగ్గర ఏ ఏర్పాటు ఉందో బయలుదేరే ముందే తెలుసుకోండి.

10. గాలి రోజు

వారంలో ఒక రోజైనా అట్లాంటిక్ గాలి రైడ్ మానిపించొచ్చు. ఆ రోజును ముందే లెక్కలో పెట్టుకోండి. క్లిఫ్డెన్ పక్కనే డెరిగిమ్లా పీట్ నేల ఉంది. ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు వైమానికులు మొట్టమొదటిసారి ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటి 1919 జూన్ 15న విమానం దించింది అక్కడే. మార్కోనీ వైర్‌లెస్ కేంద్రం శిథిలాలు కూడా అక్కడే ఉన్నాయి, నడక దారి వేశారు. కైల్‌మోర్ ఆబీ అనే క్రైస్తవ మఠం చూడొచ్చు. గాలి తగ్గితే నేషనల్ పార్కులోని 442 మీటర్ల డైమండ్ హిల్ ఎక్కొచ్చు. అయితే మర్నాడు స్వారీ ఉంటే కొండ ఎక్కకండి, కాళ్లు మొరాయిస్తాయి.

11. దిగాక

చివరి కిలోమీటరు వాక్‌లోనే రండి, గుర్రం ఒళ్లు చల్లబడాలి. దిగగానే రికాబులు పైకి జరిపి, పొట్ట పట్టీ ఒక రంధ్రం వదులు చేయండి. కాళ్లకూ పొట్టకూ మంచినీళ్లు పట్టి ఉప్పు, ఇసుక పోయేలా కడగాలి. లేకపోతే పట్టీ కింద చర్మం ఒరుసుకుపోతుంది. ఈ పనుల్లో చెయ్యి కలపనిస్తారా అని అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, మర్నాడు పోనీ మిమ్మల్ని గుర్తుపట్టేది కూడా దానివల్లే.

మీ సంగతి కూడా చూసుకోండి. వేడి నీళ్ల స్నానం చేసి, తొడలూ పిక్కలూ సాగదీసి, నీళ్లు బాగా తాగండి. ఒరుసుకున్న చోట ఆ రాత్రే వాసెలిన్ రాయండి.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు బూట్ల అడుగులు బ్రష్‌తో రుద్ది కడిగి, డిసిన్ఫెక్టెంట్ తుడిచి, పూర్తిగా ఆరాకే సూట్‌కేసులో పెట్టండి. ఒక స్టేబుల్ నుంచి ఇంకో స్టేబుల్‌కు జబ్బులు బూట్ల మట్టితో కూడా వెళ్తాయి. ఇంటికి రాగానే మీ రైడింగ్ స్కూల్‌కు వెళ్లేవాళ్లయితే గ్లవ్స్, హెల్మెట్ పట్టీ కూడా ఉతుక్కుని వెళ్లండి.